బాల్కను పట్టణాలలో పది రోజులు

బైబిలు చదివే కుటుంబాలకు మాసిదోనియ పేరు కొత్త కాదు. త్రోయలో రాత్రివేళ పౌలుకు కలిగిన దర్శనం, ఫిలిప్పీలో నది ఒడ్డున కూడుకొన్న స్త్రీలు, థెస్సలొనీకలో జరిగిన అల్లరి మన ఆదివారపు బడి పిల్లలకు సైతం తెలిసిన సంగతులే. రోమా పత్రిక 15వ అధ్యాయంలో ఇల్లూరికు అనీ, తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయంలో దల్మతియ అనీ మరి రెండు పేర్లు వస్తాయి. చదువుతూ దాటిపోతాము గాని, అవి ఎక్కడ ఉన్నాయని ఆగి ఆలోచించము. ఈ పేర్లన్నీ ఒకే ద్వీపకల్పానికి చెందినవి. ఐరోపా ఖండానికి ఆగ్నేయ మూలను, ఆద్రియ సముద్రానికీ నల్ల సముద్రానికీ మధ్యన ఉన్న ఆ కొండల దేశాలనే బాల్కను దేశాలంటారు.

ఈ ప్రాంతంలో చాలా భాగం మొన్నమొన్నటి వరకు యుగోస్లావియా అనే ఒకే దేశంగా ఉండేది. ఆరు రిపబ్లిక్కుల ఆ సమాఖ్య 1991లో విడిపోవడం మొదలైంది. ఆ తరువాత జరిగిన యుద్ధాలలో పట్టణాలు కాలిపోయాయి, లక్షలాది మంది ఇళ్ళు విడిచి పారిపోయారు. ఒకే వీధిలో పుట్టి పెరిగినవారు ఒకరిమీద ఒకరు ఆయుధం ఎత్తారు. అక్కడి కోటలూ సరస్సులూ చూడాలని మేము వెళ్ళిన మాట నిజమే. అయితే ఇరుగుపొరుగువారు శత్రువులు ఎలా అయ్యారు, మళ్ళీ కలిసి ఎలా బ్రతుకుతున్నారు అన్న ప్రశ్న దారి పొడుగునా మా వెంట వచ్చింది.

గత సెప్టెంబరు నెలలో మేము పద్దెనిమిది మందిమి హైదరాబాదు నుండి ఇస్తాంబులు మీదుగా విమానంలో బయలుదేరాము. అక్కడ మా కోసం ఒక బస్సు, ఒక గైడు సిద్ధంగా ఉన్నారు. పది రోజులలో ఆరు దేశాలు తిరిగాము. నాలుగు రకాల డబ్బు మార్చాము, మూడు రకాల లిపులలో వీధుల పేర్లు చూశాము. సరిహద్దు వచ్చిన ప్రతిచోటా బస్సు ఆగేది, పాస్‌పోర్టుల కట్ట చేతులు మారేది. ఇంత చిన్న ప్రాంతంలో ఇన్ని గేట్లు ఎందుకో ఆ పది రోజులలో కొంత అర్థమయింది.

సరయేవో

మొదటి రెండు రోజులు బోస్నియా హెర్జెగోవినా రాజధాని సరయేవోలో గడిపాము. చుట్టూ కొండలు, నడుమ మిల్యాత్స్కా అనే చిన్న నది. పాత బజారును బష్చార్షియా అంటారు. అక్కడి కంచరి వీధిలో నేటికీ సుత్తి దెబ్బల చప్పుడు వినబడుతుంది. చిన్న రాగి పాత్రలో కాచిన చిక్కని కాఫీని ఒక పంచదార ముక్కతో, ఒక మిఠాయి ముక్కతో పళ్ళెంలో పెట్టి ఇస్తారు. మాంసం కూరి చుట్టలుగా కాల్చిన బూరెక్ అనే రొట్టెను పెరుగుతో తింటారు.

ఆ బజారునుండి పది పదిహేను నిమిషాల నడకలో నాలుగు మందిరాలు చూశాము. 1531 నాటి గాజీ హుస్రెవ్ బేగ్ మసీదు, పాత ఆర్థడాక్స్ చర్చి, యూదుల పాత సమాజమందిరం, 1889లో కట్టిన కాథలిక్ కథీడ్రల్. 1492లో స్పెయిన్ రాజు, రాణి యూదులను దేశమునుండి వెళ్ళగొట్టగా, వారిలో కొందరి సంతతి ఈ ఊరు చేరి స్థిరపడ్డారు. నాలుగు మతాలవారు నాలుగు వందల ఏండ్లు ఈ కొద్దిపాటి స్థలంలో ఒకరి గంటలు ఒకరు వింటూ బ్రతికారు.

నదిమీద లాటిన్ వంతెన అనే పాత రాతి వంతెన ఉంది. 1914 జూన్ 28న ఆ వంతెన దగ్గరే ఆస్ట్రియా హంగేరీ యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండును, ఆయన భార్య సోఫీని గవ్రీలో ప్రిన్సిప్ అనే పంతొమ్మిదేళ్ళ యువకుడు కాల్చి చంపాడు. నెల తిరిగేసరికి మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. మన పల్లెలనుండి సైన్యంలో చేరి మెసొపొటేమియాకో, ఫ్రాన్సుకో వెళ్ళి తిరిగిరాని వారి కథకు మొదలు ఆ వీధి మూలనే ఉంది.

1992 ఏప్రిల్‌లో ఈ ఊరిని బోస్నియా సెర్బుల సైన్యం ముట్టడించింది. 1996 ఫిబ్రవరి 29 వరకు, అంటే 1,425 రోజులు, ఆ కొండలమీదినుండి గుండ్లు కురిశాయి. ముట్టడి మొదలై ఇరవై ఏండ్లయిన సందర్భంగా 2012లో ముఖ్య వీధిలో చనిపోయినవారి లెక్కన 11,541 ఎర్ర కుర్చీలు ఖాళీగా వేశారు. గుండు పడి గుంటలైన చోట్ల ఎర్రని లక్కవంటి పదార్థం పోసి ఉంచారు. వాటిని సరయేవో గులాబీలంటారు. నడుస్తూ వాటిమీద కాలు పెట్టడానికి మాకు మనసు రాలేదు.

మా గైడు ఆ రోజులలో పన్నెండేళ్ళ పిల్ల. నీళ్ళ కోసం ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకొని వరుసలో నిలబడడం, ఉద్యానవనంలోని చెట్లన్నీ వంటచెరకు కోసం నరికేయడం ఆమె మాకు చెప్పింది. 1984లో శీతాకాల ఒలింపిక్ క్రీడలు జరిగిన ప్రాంగణం ప్రక్క మైదానం సమాధుల తోట అయింది. విమానాశ్రయం క్రిందుగా 1993లో తవ్విన సొరంగం 800 మీటర్ల పొడవు. నిటారుగా నిలబడలేనంత ఎత్తు. ఊరిలోనికి ధాన్యం, మందులు ఆ దారినే వచ్చాయి. ఇప్పుడు చూపడానికి ఉంచిన కొద్ది భాగంలో మేమూ నడుము వంచి నడిచాము.

“ఇరుగుపొరుగువారు ఇలా ఎలా అయ్యారమ్మా?” అని మాలో ఒక పెద్దాయన ఆమెను అడిగారు. ఆమె కొంచెంసేపు ఊరుకొని ఇలా అన్నది: “తుపాకులు ఆఖరున వచ్చాయి. మొదట టీవీలో, పత్రికలలో ‘వాళ్ళు’ అనే మాట వచ్చింది. అంతకు ముందు ‘మన వీధి’ అనేవాళ్ళం. తరువాత పండుగ పిండివంటలు పంచుకోవడం మానేశారు. పేరు వినగానే ఏ మతమో లెక్కపెట్టడం నేర్చుకున్నారు. అదంతా జరిగేటప్పుడు మాకు అది యుద్ధమని తెలియలేదు.”

నది ఒడ్డున ఉన్న పురపాలక భవనం 1896లో ప్రారంభమైంది. తరువాత అది జాతీయ గ్రంథాలయం అయింది. 1992 ఆగస్టు 25 రాత్రి గుండ్లు పడి తగులబడింది. లక్షలాది పుస్తకాలు బూడిదయ్యాయి. భవనాన్ని బాగుచేసి 2014లో తిరిగి తెరిచారు. గోడలమీది రంగులు కన్నులకు పండుగే గాని, ఆ పుస్తకాలు తిరిగి రాలేదు.

అయితే ఒక పుస్తకం దక్కింది. జాతీయ మ్యూజియంలోని ఒక ప్రత్యేక గదిలో దానిని భద్రపరచారు. అది యూదులు పస్కా పండుగ రాత్రి చదువుకొనే పుస్తకం. సుమారు 1350లో స్పెయిన్‌లో చేతితో వ్రాసి, రంగుల బొమ్మలు వేసినది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నాజీ అధికారి దానికోసం మ్యూజియంకు వచ్చినప్పుడు, దెర్విష్ కోర్కుత్ అనే గ్రంథాలయాధికారి దానిని బట్టలలో దాచుకొని బయటికి తెచ్చి కాపాడాడు. ఆయన ముస్లిము. అదే కాలంలో ఒక యూదు యువతిని తన ఇంట ఉంచుకొని రక్షించాడు. ఈ కథ అంతటితో ఆగలేదు. 1999లో కొసోవో యుద్ధంలో ఆయన కుమార్తె ఇల్లు కోల్పోయి శరణార్థి అయింది. తండ్రి చేసిన మేలుకు గుర్తుగా యెరూషలేమునుండి వచ్చిన ప్రశంసాపత్రం నకలు ఆమె దగ్గర ఉంది. దానిని చూచి ఇశ్రాయేలు దేశం ఆమె కుటుంబానికి ఆశ్రయమిచ్చింది. ఆమెను విమానాశ్రయంలో ఎదుర్కొన్నవారిలో, ఆనాడు ఆమె తండ్రి రక్షించిన యువతి కుమారుడు ఉన్నాడు.

మొస్తార్

మూడవ రోజు నెరేత్వా నది వెంట సుమారు 130 కిలోమీటర్లు ప్రయాణం చేసి మొస్తార్ చేరాము. నది నీరు పచ్చలరాయి రంగు. ఈ ఊరికి ఆ పేరు వచ్చింది వంతెన కావలివారిని బట్టి. ఆ వంతెన 1566లో పూర్తయింది. తుర్కుల సుల్తాను సులేమాను కాలంలో మిమార్ హైరుద్దీన్ అనే మేస్త్రి కట్టాడు. నడుమ ఒక్క స్తంభమైనా లేకుండా, దాదాపు 29 మీటర్ల వెడల్పుగల ఒకే కమాను. పైన నడిచే రాళ్ళు నున్నగా ఉంటాయి గనుక కాలు జారకుండా అడ్డంగా మెట్లవంటి రాతి పట్టీలు వేశారు. మా వృద్ధులు ఆ పట్టీల ఆసరాతోనే ఎక్కి దిగారు.

427 ఏండ్లు నిలిచిన ఆ వంతెనను 1993 నవంబరు 9న బోస్నియా క్రొయేషియన్ల సైన్యం ఫిరంగులతో కూల్చింది. తరువాత అనేక దేశాలు, యునెస్కో, ప్రపంచ బ్యాంకు సహాయం చేయగా, అదే చోటి గనినుండి రాయి తెచ్చి, పాత పద్ధతిలోనే చెక్కి, 2004 జూలై 23న కొత్త వంతెనను తెరిచారు. చూచేవారికి పాతదానికీ కొత్తదానికీ తేడా తెలియదు. వంతెనమీదినుండి నదిలోనికి దుమికే యువకులు మళ్ళీ దుముకుతున్నారు. ప్రక్కన ఒక రాతిమీద 93ను మరచిపోవద్దని వ్రాసి ఉంది.

వంతెనకు పదకొండు ఏండ్లు పట్టింది. మనుషుల సంగతి వేరు. నదికి తూర్పున ఎక్కువగా ముస్లిములు, పడమట ఎక్కువగా కాథలిక్కులైన క్రొయేషియన్లు ఉంటారు. ఊరి ఎన్నికలు ఏ నియమం ప్రకారం జరపాలో రెండు పక్షాలకూ కుదరక, 2008 తరువాత 2020 డిసెంబరు వరకు అక్కడ పురపాలక ఎన్నికలే జరగలేదు. పన్నెండేళ్ళు! ఈ దేశంలో కొన్ని ఊళ్ళలో ఒకే బడి భవనంలో రెండు వర్గాల పిల్లలు వేరువేరు తరగతులలో, వేరువేరు పాఠాలు చదువుతున్నారు. ఇది విన్నప్పుడు మాతో ఉన్న ఉపాధ్యాయురాలు చాలాసేపు మాట్లాడలేదు.

దుబ్రోవ్నిక్

నాలుగవ రోజు క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ చూశాము. ఇది దల్మతియ తీరం. తీతు వెళ్ళాడని పౌలు వ్రాసిన దల్మతియ ఇదే ప్రాంతం. సముద్రంలోనికి చొచ్చుకొనిపోయిన రాతిమీద, 1,940 మీటర్ల చుట్టుకొలత గల ప్రాకారం మధ్యన ఊరు. ముఖ్య వీధిలోని సున్నపురాళ్ళు శతాబ్దాల నడకతో నున్నబడి, వాన పడినట్లు మెరుస్తాయి.

రగూసా అనే పేరుతో ఇది 1808 వరకు స్వతంత్ర గణరాజ్యంగా ఉండేది. రాజ్యాధిపతిని ఒక్క నెలకే ఎన్నుకొనేవారు. ఎవరికీ అధికారం రుచి మరగకూడదని. సొంత పనులు మరచి ప్రజల పని చూడమని ఆయన భవనం గుమ్మంమీద లాటిను భాషలో చెక్కారు. 1377లో, తెగులు ఉన్న ఊళ్ళనుండి వచ్చేవారు ముప్పది రోజులు బయటనే ఉండి రావాలని చట్టం చేశారు. అదే తరువాత నలువది రోజులై, ఆ నలువది అన్న మాటనుండి క్వారంటైన్ అనే పేరు వచ్చింది. 2020లో మనమందరం నేర్చుకొన్న ఆ మాటకు ఆరువందల ఏండ్ల చరిత్ర ఉందన్నమాట. 1416లోనే ఈ ఊరివారు బానిసల వ్యాపారాన్ని నిషేధించారు.

ప్రాకారంపై నడుస్తూ క్రిందికి చూస్తే ఇండ్ల పెంకులు రెండు రంగులలో కనబడతాయి. వెలిసిన పెంకులు పాతవి, ఎర్రగా ఉన్నవి కొత్తవి. 1991 డిసెంబరు 6న యుగోస్లావియా సైన్యం ఈ ఊరిపై తీవ్రంగా గుండ్లు కురిపించింది. ఆ నెలల ముట్టడిలో పాత పట్టణంలోని 824 భవనాలలో మూడింట రెండు వంతులకు దెబ్బ తగిలింది. ఎక్కడెక్కడ గుండు పడిందో గుర్తులు పెట్టిన పటం ఊరి గుమ్మం దగ్గర ఉంది.

కోతోర్

అయిదవ రోజు సరిహద్దు దాటి మాంటినీగ్రోలోని కోతోర్ చేరాము. దుబ్రోవ్నిక్‌ను ముట్టడించిన సైనికులలో ఎందరో ఈ మాంటినీగ్రోనుండి వెళ్ళినవారే. 2000లో ఈ దేశపు అధ్యక్షుడు మీలో జుకనోవిచ్ అందుకు క్రొయేషియా ప్రజలను క్షమాపణ కోరాడు. అందరి గాయం దానితో మానిందని ఎవరూ అనలేదు. కాని ఈనాడు ఆ రెండు ఊళ్ళ మధ్య బస్సులు రోజూ తిరుగుతున్నాయి.

సముద్రం కొండల మధ్యకు పాములాగ మెలికలు తిరిగి వచ్చిన చోట కోతోర్ ఉంది. ఊరి వెనుక కొండమీదికి దాదాపు 1,350 మెట్లు. మాలో పడుచువారు ఎక్కివచ్చారు, మిగతావారము క్రింద పిల్లుల మధ్య కూర్చున్నాము. ఆ ఊరిలో పిల్లులను అంత ముద్దుగా చూస్తారు. 1166లో ప్రతిష్ఠించిన కథీడ్రల్, 1979 ఏప్రిల్ 15 భూకంపంలో దెబ్బతిని, తరువాత బాగుపడింది.

మాకు ఎక్కువగా నచ్చింది ఒక చిన్న గుడి. 1195లో కట్టిన పరిశుద్ధ లూకా గుడి. అందులో రెండు బలిపీఠాలున్నాయి. 17వ శతాబ్దంలో తుర్కులకు భయపడి వచ్చిన ఆర్థడాక్స్ వారికి స్థలం లేకపోగా, కాథలిక్కులు తమ గుడిలోనే చోటిచ్చారు. ఒకే కప్పు క్రింద ఒక పీఠం దగ్గర వీరు, మరొక పీఠం దగ్గర వారు నూట యాభై ఏండ్లకు పైగా ఆరాధించారు. చిన్న అభిప్రాయభేదానికే సంఘము రెండై, ఒకే వీధిలో రెండు గుడులు లేచే సంగతి మనకు తెలుసు గనుక, ఆ గుడిలో మేము కొంచెం ఎక్కువసేపే నిలబడ్డాము.

అల్బేనియా మీదుగా

ఆరవ రోజు అల్బేనియాలో ప్రవేశించాము. ప్రాచీన ఇల్లూరికులో ఇదీ ఒక భాగం. 1967లో ఎన్వర్ హోజా ప్రభుత్వం ఇక్కడ మతాన్ని పూర్తిగా నిషేధించి, ప్రపంచంలో మొదటి నాస్తిక రాజ్యమని చాటుకొంది. గుడులు, మసీదులు గోదాములయ్యాయి. ష్కోదర్ పట్టణంలోని పెద్ద కథీడ్రల్‌ను ఆటల మందిరం చేశారు. ప్రార్థన చేసినందుకు చెరసాల. 1990 నవంబరులో మొదటిసారి ఆ ఊరి సమాధుల తోటలో బహిరంగంగా ఆరాధన జరిగినప్పుడు వేలాది జనం కూడారు. ఇరవై మూడు ఏండ్లు నోటితో పాడనివారు ఆ రోజు పాడారు. ఇప్పుడు ఆ కథీడ్రల్ మళ్ళీ కథీడ్రలే.

శత్రుభయంతో ఆ ప్రభుత్వం వేలాదిగా కట్టించిన కాంక్రీటు బంకర్లు చేలగట్లమీద, కొండవాలులలో నేటికీ పుట్టగొడుగులలాగా కనబడతాయి. ఒక్క యుద్ధానికీ అవి పనికిరాలేదు.

అదే దేశంలో దీనికి ఎదురైన మరొక సంగతి కూడా విన్నాము. అల్బేనియా పల్లెవారికి బెసా అనే కట్టుబాటు ఉంది. ఇచ్చిన మాట తప్పకూడదు. గుమ్మం తొక్కిన అతిథిని ప్రాణమిచ్చి అయినా కాపాడాలి. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్లు యూదుల పట్టీ అడిగినప్పుడు వీరు ఇవ్వలేదు. పరదేశులైన యూదులకు పల్లె బట్టలు కట్టించి, తమ బంధువులని చెప్పి దాచారు. ఐరోపాలో యుద్ధానికి ముందుకంటే యుద్ధం తరువాత యూదుల సంఖ్య పెరిగిన దేశం ఇది. దాచినవారిలో ఎక్కువమంది ముస్లిములు, తక్కినవారు క్రైస్తవులు.

ఒహ్రిద్

తిరానాలో రాత్రి బసచేసి, ఏడవ రోజు తూర్పుకు సాగాము. ఆ దారి చాలావరకు రోమీయులు వేసిన ఎగ్నాతియా మార్గం వెంటనే వెళుతుంది. ఆద్రియ తీరంనుండి కొండలు దాటి, ఒహ్రిద్ మీదుగా, థెస్సలొనీక, ఫిలిప్పీ పట్టణాలకు వెళ్ళే రాచబాట అది.

ఒహ్రిద్ ఉత్తర మాసిదోనియాలో ఒక సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. ఆ సరస్సు వయస్సు పది లక్షల ఏండ్లకు పైమాటే, లోతు 288 మీటర్లు. ఒడ్డున కూర్చుంటే అడుగు రాళ్ళు కనబడేంత తేట నీరు. అక్కడి చిన్న చేప పొలుసుల పొడితో ముత్యాలవంటి పూసలు చేసి అమ్ముతారు.

ఈ ఊరికి గొప్ప పేరు చదువువలన వచ్చింది. థెస్సలొనీకలో పుట్టిన సిరిల్, మెథోడియస్ అనే అన్నదమ్ములు 863 ప్రాంతంలో స్లావు జనులకు వారి సొంత భాషలో లేఖనాలు ఇవ్వడానికి ఒక లిపిని కల్పించారు. హెబ్రీ, గ్రీకు, లాటిను తప్ప మరే భాషా దైవారాధనకు తగదని ఆనాడు కొందరు వాదించారు. ఆ అన్నదమ్ముల శిష్యులైన క్లెమెంట్, నౌమ్ ఈ ప్రాంతానికి వచ్చి బడి పెట్టారు. క్లెమెంట్ దగ్గర 3,500 మంది చదువుకొన్నారని చెబుతారు. పొలం దున్నేవాని నోట పలికే మాటలలోనే దేవుని మాట ఉండాలని పట్టుబట్టినవారి ఊరు ఇది. తెలుగులో బైబిలు చదువుకొంటున్న మనకు వారి శ్రమ విలువ చెప్పనక్కరలేదు.

దారిలో ఇంటింటి చూరుకూ ఎర్ర మిరపకాయల దండలు వ్రేలాడుతున్నాయి. గుంటూరు జిల్లావారు మాలో నలుగురున్నారు. వారి సంతోషం చూడాలి! అయితే ఆ కాయలలో కారం తక్కువ. వాటిని కాల్చి, తొక్క తీసి, నూరి, నూనెలో ఉడికించి చలికాలానికి సీసాలలో నిలవ చేస్తారు. ఐవార్ అంటారు. రొట్టెకు రాసుకొని తింటే బాగుంది. మావారు మాత్రం పైన కొంచెం కారం చల్లుకొన్నారు.

స్కోప్యే

ఎనిమిదవ రోజు రాజధాని స్కోప్యే చూశాము. పాత రైల్వే స్టేషను గోడమీద గడియారం 5 గంటల 17 నిమిషాల దగ్గర ఆగిపోయి ఉంది. 1963 జూలై 26 తెల్లవారుజామున ఆ సమయానికే భూకంపం వచ్చి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఊరిని తిరిగి కట్టడానికి ప్రచ్ఛన్న యుద్ధంలో ఎదురెదురుగా ఉన్న దేశాలు కూడా సహాయం పంపాయి.

ఈ ఊరికీ మన దేశానికీ ఒక బంధం ఉంది. 1910 ఆగస్టు 26న మదర్ థెరిసా ఇక్కడనే ఒక అల్బేనియా కుటుంబంలో పుట్టింది. తొమ్మిదేండ్లు రాకముందే తండ్రి పోయాడు. తల్లి కష్టపడి పెంచింది. 1928లో ఊరు విడిచి, 1929 జనవరిలో మన దేశం చేరింది. ఆమె పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు, ఆ చోట ఒక ఫలకం ఉంది. ఆమెకు బాప్తిస్మమిచ్చిన గుడి ఉండిన స్థలంలో 2009లో స్మారక గృహం తెరిచారు. నీలి అంచు తెల్ల చీర అద్దాల పెట్టెలో చూచేసరికి, ఇంటికి వేల మైళ్ళ దూరంలో మన ఊరి బట్ట కనబడినట్లయింది.

మరునాడు దాటవలసిన సరిహద్దుకు కూడా ఒక కథ ఉంది. మాసిదోనియా అన్న పేరు తమ చరిత్రదని గ్రీకులు, తమ దేశం పేరని వీరు 1991నుండి వాదులాడుకొన్నారు. 2018 జూన్‌లో ప్రెస్పా సరస్సు ఒడ్డున రెండు దేశాలు ఒప్పందం చేసుకోగా, 2019 ఫిబ్రవరి నుండి ఈ దేశం ఉత్తర మాసిదోనియా అని పేరు మార్చుకొంది. రెండు వైపులా సణిగినవారు ఉన్నారు. అయినా ఒక్క తుపాకి పేలకుండా ముగిసిన తగాదా అది. బాల్కను దేశాలలో అది చిన్న సంగతి కాదు.

థెస్సలొనీక, ఫిలిప్పీ

తొమ్మిదవ రోజు సాయంకాలానికి థెస్సలొనీక చేరాము. క్రీస్తుకు పూర్వం 315లో కస్సండర్ కట్టించి తన భార్య పేరు పెట్టిన ఊరు. నేడు గ్రీసు దేశంలో రెండవ పెద్ద పట్టణం. 2024 నవంబరు 30న ఇక్కడ భూగర్భ రైలు ప్రారంభమైంది. తవ్వుతుండగా పాలరాతి పలకలు పరచిన ప్రాచీన వీధి బయటపడితే, ఒక స్టేషనులో దానిని ప్రయాణికులకు కనబడేలా నిలిపారు. సుమారు 306లో కట్టిన రొటుండా అనే గుండ్రని కట్టడం చర్చి అయింది, తరువాత మసీదయింది, మళ్ళీ చర్చి అయింది. ప్రక్కన మినారు ఇంకా నిలిచే ఉంది.

సరయేవోకు వెళ్ళినట్లే స్పెయిన్ నుండి యూదులు ఇక్కడికీ వచ్చి, నాలుగు శతాబ్దాలు ఈ ఓడరేవుకు వెన్నెముకగా ఉన్నారు. 1943 మార్చి 15న మొదటి రైలు వారిని ఆష్విట్జ్‌కు తీసికొనిపోయింది. కొద్ది నెలలలో నలభై వేలకు పైగా జనం పోయారు. వారి పాత సమాధుల తోటమీద నేడు విశ్వవిద్యాలయం ఉంది. పౌలు మూడు విశ్రాంతి దినములు తర్కించిన సమాజమందిరం ఎక్కడిదో ఎవరూ చూపలేరు. కాని ఆ అధ్యాయంలో యాసోను అనే గృహస్థుని సంగతి ఉంది. పరదేశులకు ఇంటిలో చోటిచ్చినందుకు అతనిని జనం అధికారుల యొద్దకు ఈడ్చుకొనిపోయారు, జామీను కట్టవలసి వచ్చింది. దెర్విష్ కోర్కుత్, అల్బేనియా పల్లెవారు మాకు ఆ రాత్రి మళ్ళీ జ్ఞాపకం వచ్చారు.

పదవ రోజు సుమారు 165 కిలోమీటర్ల దూరంలోని ఫిలిప్పీ చూశాము. దగ్గరి రేవు కవాలా, అదే బైబిలులోని నెయపొలి. ఒకప్పుడు పొగాకు వ్యాపారానికి పేరుపడిన ఊరు గనుక అక్కడ పొగాకు మ్యూజియం ఉంది. ప్రకాశం జిల్లా రైతు ఒకరు మాతో ఉన్నారు. ఆకును గ్రేడు చేసే బొమ్మలను వదలి రావడానికి ఆయన ఇష్టపడలేదు.

ఫిలిప్పీలో రాజవీధి, నాటకశాల, కూలిన పెద్ద చర్చిల స్తంభాలు ఎండలో నిలిచి ఉన్నాయి. ఎగ్నాతియా బాట రాళ్ళమీద బండి చక్రాల గాడులు స్పష్టంగా కనబడతాయి. ఊరి బయట ఒక చిన్న ఏరు. మన ఊరి కాలువకంటే పెద్దది కాదు. ఒడ్డున చెట్ల నీడ. లూదియ అక్కడనే పౌలు మాటలు విన్నదని చెబుతారు. ఆమె ఆ ఊరిది కాదు, ఆసియాలోని తుయతైరనుండి ఊదారంగు వ్యాపారానికి వచ్చిన స్త్రీ. ఆ ఊరి సంఘము కూడుకొన్నది పరదేశియైన ఒక స్త్రీ ఇంటిలో.

ఆ ఏటి ఒడ్డున రాళ్ళమీద కూర్చొని మేము భోజనం చేశాము. సరయేవో గైడు చెప్పిన మాటమీదికే మా సంభాషణ పోయింది. మా ఊళ్ళో పండుగ పిండివంటలు ఎవరింటినుండి ఎవరింటికి వెళ్ళడం మానేశాయి, ఎప్పటినుండి మానేశాయి అని ఒక్కొక్కరు చెప్పడం మొదలుపెట్టారు. జాబితా మేము అనుకొన్నదానికంటే పొడవుగానే వచ్చింది. ఈ క్రిస్మసుకు ఆ ఇళ్ళకు మనమే ముందుగా పళ్ళెం పంపాలని అక్కడనే మాట అనుకొన్నాము. మీరును మీ ఇంట ఆ జాబితా వ్రాసి చూడండి.